మీ కుక్క మీద ఇంకో కుక్క పడ్డాక మనసు కుదుటపడాలంటే

మాది గుంటూరు, బ్రాడీపేట. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాను. మా ఇంట్లో మల్లి అని 6 ఏళ్ళ తెల్ల పామేరియన్ ఉంది. మొన్న మార్చిలో ఒక ఆదివారం, యార్డుకి సెలవు కాబట్టి తీరిగ్గా దాన్ని తిప్పుకొద్దామని బయల్దేరాను. ఇంకా సరిగ్గా తెల్లారలేదు. పక్క లైన్లో ఒక ఇంటి గేటు గడియ టక్కుమని ఊడింది. నేను తల తిప్పేలోపే జర్మన్ షెపర్డ్ ఒకటి బయటికొచ్చి మల్లి మెడ పట్టుకుని విదిలించడం మొదలుపెట్టింది. ఎదురింటి పిన్నిగారు వాకిట్లో కళ్ళాపి చల్లుతున్నారు. ఆవిడే బకెట్టు ఎత్తి ఆ రెండింటి మీదా గుమ్మరించారు. అది వదిలేసి వెనక్కి పోయింది. అంతా కలిపి అర నిమిషం కూడా ఉండదేమో.

మల్లి బతికింది. దాని గాయం 3 వారాల్లో మానింది. నేను మామూలు మనిషిని కావడానికి 3 నెలలు పట్టింది. ఆ 3 నెలల్లో ఏది పనికొచ్చిందో, ఏది చెరుపు చేసిందో రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఇప్పుడు ఒక కుక్క మెడకి కోన్ (గాయం నాక్కోకుండా పెట్టే గరాటు లాంటిది) పెట్టుకుని మూలన పడుకుని ఉంటే, మీరు దాని పక్కన కూర్చుని ఫోన్‌లో ఇది చదువుతుంటే, ఇది మీ కోసమే.

ముందు ఒళ్ళు, తర్వాత మనసు

మొదటి రోజు మనసు సంగతి పెట్టుకోకండి, దానికి టైము ఉండదు. చేయాల్సిన పనులు చేసేస్తే సగం గుబులు దానంతటదే తగ్గుతుంది.

కుక్క కాటు పైకి కనిపించేదానికంటే లోపల పెద్దది. మల్లి బొచ్చులో నాకు రెండే రెండు చిల్లులు కనిపించాయి. 'పెద్దగా ఏం లేదు, పసుపు పెడదాం' అన్నాను మా ఆవిడతో. డాక్టరుగారు బొచ్చు గొరిగి చూపిస్తే తెలిసింది, పట్టుకుని విదిలించడంతో చర్మం కండ నుంచి ఊడిపోయి లోపల జేబులా అయిందని. కుట్లు వేసి, చీము కారిపోవడానికి చిన్న గొట్టం పెట్టి 4 రోజులు ఉంచారు. అందుకని చిన్న గాయంలా ఉన్నా ఆ పూటే డాక్టరుకి చూపించండి. మేం మొదట ఫోన్ చేసిన క్లినిక్‌లో ఎవరూ ఎత్తలేదు, రెండో చోట ఎత్తారు. రెండు మూడు నంబర్లు ముందే రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి. విజయవాడ వైపు వాళ్ళకయితే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. నొప్పికి మనం వేసుకునే పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ కుక్కకి వేయకూడదు, ప్రాణం మీదికొస్తుంది. ఎండాకాలం కదా, గాయం మీద ఈగ వాలకుండా చూడమని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. ఈగ గుడ్లు పెడితే పురుగు పడుతుంది.

ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్తుంటే నొప్పికి ఓర్చుకోలేక మల్లి నా బొటనవేలు కొరికింది. ఆరేళ్ళలో అది నన్ను కొరకడం అదే మొదటిసారి. రక్తం కంటే ఆ సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మీకూ ఇలా జరిగితే ఒకటి గుర్తుంచుకోండి. నొప్పితో ఉన్న కుక్క ఎవరి చెయ్యి దగ్గరికొస్తే ఆ చెయ్యి కొరుకుతుంది. మీ మీద నమ్మకం పోయి కాదు. వేలు సబ్బు పెట్టి కుళాయి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాను. అక్కడ రేబీస్ సూది డబ్బు తీసుకోకుండా వేస్తారు. మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు, మొత్తం నాలుగుసార్లు. మల్లికి అంతకుముందే టీకాలు ఉన్నా మళ్ళీ బూస్టర్ వేశారు.

రేబీస్ భయం గురించి ఇంకో మాట. రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వనిది ఎక్కువగా ఇదే. కరిచిన నాటికి ఆ కుక్క ఎంగిల్లో రేబీస్ ఉంటే అది 10 రోజుల్లోపే జబ్బుపడి చనిపోతుంది. అందుకే కరిచిన కుక్క ఎవరిదో తెలిస్తే దాన్ని 10 రోజులు గమనించమంటారు. అలాగని మన సూదులు ఆపకూడదు, అవి అవే, ఇవి ఇవే. తెలియని వీధికుక్క అయితే ఈ లెక్క పెట్టుకోకండి, డాక్టరు చెప్పిన తేదీలు తప్పకుండా వెళ్ళండి. నేను ఆ తేదీలన్నీ గోడ మీది క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో చుట్టాను. బుర్రలో తిరిగే భయం గోడ మీదికెక్కితే కాస్త ఊపిరాడుతుంది.

మొదటి వారం రాత్రిళ్ళు

పడుకోగానే గేటు గడియ చప్పుడు వినిపించేది. కళ్ళు మూస్తే తెల్ల బొచ్చు, పేడనీళ్ళు, రక్తం. యార్డులో హమాలీ ఎవరైనా టిక్కీ ధబ్బున దించితే ఒళ్ళు జలదరించేది. (బయటివాళ్ళకి తెలియదేమో, మిర్చి బస్తాని మేం టిక్కీ అంటాం.) బుధవారం నాడు ఒక రైతు మిరపకాయ తూకం ఇంకో రైతు పట్టీలో (బిల్లులో) రాసేశాను. పాతికేళ్ళ ఉద్యోగంలో అలాంటి పొరపాటు చేయలేదు. షావుకారు ఏమీ అనలేదు కానీ నాకే భయమేసింది, నాకేదో అయిందని.

నాకేమీ కాలేదు. ప్రమాదం కళ్ళారా చూసిన ఒళ్ళు కొన్నాళ్ళు కాపలా దిగదు. నిద్ర తేలిపోవడం, చిన్న చప్పుడుకి ఉలిక్కిపడటం, అన్నం సహించకపోవడం, చిరాకు, అదే దృశ్యం పదే పదే కళ్ళముందు ఆడటం, ఇవన్నీ మొదటి వారాల్లో వచ్చేవే. చాలామందికి నెమ్మదిగా వాటంతటవే తగ్గుతాయి. కుక్కకీ అంతే. దాని ఒంట్లో బెదురు కూడా ఒక్క పూటలో దిగదు, రోజులు పడుతుంది. ఈలోపు దానికి చుట్టాలు, స్నానాలు, బయటి తిరుగుళ్ళు వద్దు.

మాకు పనికొచ్చినవి చిన్న చిన్నవే. మొదటి రెండు రాత్రులు నేనూ మా ఆవిడా ఇద్దరం నిద్రపోకుండా మల్లి పొట్ట పైకీ కిందకీ కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాం. మూడో రాత్రి మా ఆవిడ, 'ఏవండీ, ఇద్దరం పడిపోతే దీనికి మాత్ర ఎవరు వేస్తారు? పన్నెండింటిదాకా నేను, తర్వాత మీరు' అంది. వంతులు వేసుకున్నాం. నా వంతు కాని వేళ నేను పక్క గదిలో పడుకుని తలుపు మూసుకునేవాణ్ణి. ఒంటరిగా ఉండేవాళ్ళయితే మొదటి రెండు మూడు రోజులైనా ఎవరినైనా తోడు పిలుచుకోండి.

గాయం ఫోటోలు డాక్టరుకి పంపాక ఫోన్‌లో కనపడని చోట దాచేయండి. నేను వాటిని రాత్రి రెండింటికి తీసి పెద్దవి చేసి చూసేవాణ్ణి, మానుతోందా లేదా అని. పగలు కట్టు మార్చేటప్పుడు చూస్తే సరిపోయేదానికి రాత్రి చూడటం నన్ను నేను కొట్టుకోవడమే. ఒకసారి 'కుక్క దాడి' అని వెతికినందుకు ఫోన్ వారం పాటు అలాంటి వీడియోలే చూపించింది. వెతక్కండి. పొరపాటున వస్తే చూడకుండా పైకి నెట్టేయండి.

మా అమ్మకి 78. కుక్కని ఎప్పుడూ ముట్టుకోదు, వంటింట్లోకి రానివ్వదు. మంగళవారం సాయంత్రం గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చి, కోన్ పెట్టుకుని ఉన్న మల్లి చుట్టూ మూడుసార్లు తిప్పి దిష్టి తీసింది. తర్వాత 'నువ్వూ కూర్చోరా' అని నాకూ తీసింది. నేను పూజలూ దిష్టులూ పెద్దగా పట్టించుకునే మనిషిని కాను. కానీ ఆ రోజు కళ్ళు మూసుకుని కూర్చుంటే ఏడుపొచ్చింది. అది మొదటి ఏడుపు. మీ ఇంట్లో మీ పద్ధతి ఏదైతే అది చేయండి. దీపం పెట్టడమో, దర్గాకో చర్చికో వెళ్ళిరావడమో. చేతులకి చేయడానికి ఏదో ఒకటి ఉండాలి.

'కుక్కే కదా' అనేవాళ్ళతో

అంటారు. మా పక్క కొట్టాయన, 'కుక్కే కదండీ, పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు' అన్నాడు. చెడ్డవాడు కాదు. మా అమ్మాయి పెళ్ళికి తన సొంత పెళ్ళిలా తిరిగాడు. కుక్కతో కాపురం చేయలేదు, అంతే. అలాంటివాళ్ళకి నచ్చజెప్పాలని చూడకండి. ఆ రోజుల్లో మనకి ఉన్న ఓపిక తక్కువ. 'ఇప్పుడు దాని గురించి మాట్లాడలేనండీ' అని ఒక్క మాటతో ఆపేయండి. నేను వాదన పెట్టుకుని రెండ్రోజులు మాటల్లేకుండా ఉన్నాను, అనవసరం.

అర్థం చేసుకునే మనిషి అనుకోని చోట దొరకొచ్చు. పల్నాడు నుంచి కాయ తెచ్చే ఒక పెద్దాయన నా మొహం చూసి, 'ఏం గుమాస్తాగారూ, ఒంట్లో బాలేదా?' అన్నాడు. చెప్పాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. టీ తాగుతూ, ముప్పై ఏళ్ళ కిందట తన ఒంగోలు ఎద్దు కాలు విరిగిన రోజు గురించి మొదలుపెట్టాడు. అది పడిపోయిన గట్టు ఏ చేలో ఉందో, ఆ రోజు ఏ వారమో, అది తనవైపు ఎలా చూసిందో ఇప్పటికీ చెప్పగలడు. 'నోరు లేనిది మనల్నే నమ్ముకుని ఉంటది గదా' అన్నాడు. నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పని మాట అది. పశువుల్ని పెంచిన ఇళ్ళవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. మీకు ఊళ్ళో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఫోన్ చేసి చూడండి.

ఇంట్లోవాళ్ళు అనే మాటలు వేరు, అవి లోపలికి దిగుతాయి. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది. ఫోన్లో ఏడుస్తూ, 'నీ చేతిలో ఉండగా ఎలా జరిగింది నాన్నా?' అంది. తప్పుపట్టి అనలేదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ మాట ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. ఎందుకు దిగిందో ఇప్పుడు చెబుతాను.

చెప్పుకోలేని ముక్క

అందరికీ నేను చెప్పిన కథ ఇది: గేటు తెరుచుకుంది, ఆ కుక్క వచ్చింది, నేను అరిచాను, లాగాను, పిన్నిగారు నీళ్ళు పోశారు. అందులో నేను అరవడం, లాగడం జరగలేదు. ఆ కుక్క మీదికి రాగానే నా చేతిలోంచి తాడు జారిపోయింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయాను. గొంతు పెగల్లేదు. నా కళ్ళముందు మల్లి అరుస్తుంటే నేను చూస్తూ ఉండిపోయాను.

ఇది నేను 3 వారాలు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది ఆ కుక్క కాదు, ఈ ముక్క.

ఇలాంటివి జరిగినవాళ్ళలో చాలామంది దగ్గర ఇలాంటి ముక్క ఒకటి ఉంటుందని నా నమ్మకం. 'ఫోన్ చూసుకుంటున్నాను.' 'తాడు లేకుండా వదిలాను.' 'ముందు నన్ను నేను కాపాడుకున్నాను.' 'భయపడి నా కుక్కనే తన్నాను.' ఆ ముక్క దాచిపెట్టి మిగతాదంతా ఎన్నిసార్లు చెప్పుకున్నా బరువు దిగదు. ఎవరైనా 'పాపం, ఎంత కష్టపడ్డావో' అని ఓదారిస్తే ఇంకా ఎక్కువవుతుంది, ఆ ఓదార్పు మనకి చెందదనిపిస్తుంది.

నేను మొదట చెప్పింది మల్లి డాక్టరుగారికి. కుట్లు విప్పించడానికి వెళ్ళినప్పుడు ఆవిడ, 'మీరు భలే విడిపించారండీ' అన్నారు. ఇక తట్టుకోలేక చెప్పేశాను. ఆవిడ చేతిలో కత్తెర పక్కన పెట్టి చెప్పారు: మీదికి ప్రమాదం వస్తే ఒళ్ళు చేసేవి మూడు, తిరగబడటం, పారిపోవడం, బిగుసుకుపోవడం. ఏది చేయాలో మనం ఆలోచించి తేల్చుకునే టైము ఉండదు, ఒళ్ళే తేల్చేస్తుంది. దెబ్బలాడుకునే కుక్కల మధ్య చేతులు పెట్టి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళని చూశానని కూడా అన్నారు. చేతులు పెట్టకుండా నీళ్ళు కొట్టడమో, దుప్పటి కప్పడమో మంచిదట. ఆ మాటలతో నా సిగ్గు పూర్తిగా పోలేదు. కానీ దానికో పేరు దొరికింది.

ఆ రాత్రి నేను చేసిన పని మీరూ చేయొచ్చు. లెక్కల పుస్తకంలో ఒక పేజీ తీసి మధ్యలో గీత గీశాను, జమా ఖర్చుకి గీసినట్టు. ఎడమవైపు 'ఆ నిమిషానికి నాకు తెలిసినవి' అని రాశాను. వీధి ఖాళీగా ఉంది. గేటు మూసి ఉంది. ఆ కుక్క ఎప్పుడూ గొలుసుతోనే కనిపించేది. కుడివైపు 'తర్వాత తెలిసినవి'. ఆ గేటు గడియ వదులైంది. ముందురోజు వాళ్ళింటికి చుట్టాలు రావడంతో కుక్కని రాత్రి విప్పి వదిలారు. 'నేను ఆ వైపు వెళ్ళకుండా ఉండాల్సింది' అని 3 వారాలుగా నన్ను తినేసిన మాటకి ఆధారాలన్నీ కుడివైపే పడ్డాయి. వాటికి నేను జవాబుదారీ కాదు.

ఎడమవైపు ఒక్కటి మాత్రం మిగిలింది. మల్లి తాడుకి ఉన్న కొక్కెం నెల రోజులుగా బిగుతుగా లేదు, మారుద్దాం మారుద్దాం అనుకుంటూ ఊరుకున్నాను. ఆ రోజు జరిగినదానికి అది కారణం కాదు, కానీ నా తప్పే. నిజంగా మన వల్ల జరిగిన తప్పు ఒకటుంటే దాన్ని కొట్టేయకండి. ఒక పనిగా మార్చుకోండి. మర్నాడే కొత్త తాడు, మెడకి కాకుండా ఛాతీకి తగిలించే పట్టీ కొన్నాను. ఆ పద్దు అక్కడితో మూసేశాను.

తర్వాత మా ఆవిడకి చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, 'నేనయితే తలుపేసుకునేదాన్ని' అంది. అమ్మాయికి కూడా చెప్పాను. అది చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. అవతల్నుంచి చాలాసేపు మాట లేదు. 'నీకేం కాలేదుగా నాన్నా' అని అడిగింది చివరికి. 3 వారాల్లో నన్ను ఆ మాట అడిగింది అదే మొదటిసారి, అంతవరకూ అడగనివ్వనిది నేనే.

ఎదురింటి పిన్నిగారిని కూడా నేను అన్నాళ్ళూ తప్పించుకునే తిరిగాను. ఆవిడ మల్లి ప్రాణం నిలబెట్టారు, నేను కృతజ్ఞతలు కూడా చెప్పలేదు. నేను నిలబడిపోవడం చూసింది ఆవిడొక్కరే కదా. చివరికి కిలో తేజా రకం మిరపకాయ పొట్లం కట్టించుకుని వెళ్ళాను. 'నేనేం చేయలేకపోయాను పిన్నిగారూ' అన్నాను. 'నాకు మటుకు కాళ్ళు ఆడాయా నాయనా? బకెట్టు విసిరి లోపలికెళ్ళి కూలబడ్డాను. ఆ రోజు మా వాకిట్లో ముగ్గు కూడా లేదు' అన్నారు ఆవిడ.

ఆ కుక్క యజమాని మీద కోపం

ఇది నాకు సరిగ్గా చేతకాలేదు. నా పొరపాట్లు చూసి మీరు జాగ్రత్తపడండి.

ఆ 10 రోజులూ నేను రోజూ సాయంత్రం ఆ ఇంటి ముందుకి వెళ్ళి, 'మీ కుక్క తింటోందా?' అని అడగాల్సి వచ్చింది. నా కుక్కని చీల్చిన కుక్క క్షేమం కోరుకుంటూ రోజూ వెళ్ళడం ఎలా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలియదు. ఐదో రోజు ఆ ఇంటాయన టీకాల పుస్తకం తెచ్చి చూపించి, బిల్లు ఎంతయితే అంత ఇస్తానన్నాడు. నేను బింకంగా 'మీ డబ్బు నాకక్కర్లేదు' అనేశాను. అది తప్పు. తీసుకోండి. తీసుకోకపోతే మన కోపం అప్పులా మిగిలిపోతుంది, దానికి వడ్డీ కట్టేది మనమే. నెల తర్వాత నేనే వెళ్ళి బిల్లుల జిరాక్సులు ఇచ్చాను, ఆయన ఇచ్చాడు. గేటుకి కొత్త గడియ కూడా పెట్టించాడు. నాకు డబ్బు కంటే అదే ఎక్కువ నెమ్మదినిచ్చింది. అడగాల్సింది క్షమాపణ కాదు, గడియ.

వాళ్ళు పట్టించుకోకపోతే రాసి పెట్టండి. తేదీ, సమయం, చూసినవాళ్ళు, బిల్లులు. మునిసిపాలిటీకి, పోలీసులకి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా చూసుకోని యజమాని మీద భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఉంది, 6 నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. స్టేషన్ మెట్లు ఎక్కాలో లేదో మీ ఇష్టం. కానీ కోపం కాలుతున్న మొదటి 3 రోజుల్లో కాగితం మీద సంతకం పెట్టకండి, వీధిలో నిలబడి అరవకండి. రాసుకుని పెట్టుకోండి, నాలుగో రోజు చదివి చూడండి.

ఆ కుక్క మీద కోపం ఇంకో సంగతి. దానికి విషం పెట్టాలని ఒక రాత్రి నాకు అనిపించింది. అనిపించినందుకు భయపడ్డాను. ఆలోచన వచ్చినంత మాత్రాన మనం అలాంటివాళ్ళమైపోం. ఎవరికైనా పైకి చెప్పేస్తే దాని కోర ఊడుతుంది.

మళ్ళీ వీధిలోకి

మన చేతిలో ఉన్న తాడు కుక్కకి టెలిఫోన్ తీగ లాంటిది. మన పిడికిలి బిగిసిన క్షణానికే దానికి తెలిసిపోతుంది. అందుకని ముందు నేను ఒక్కణ్ణే, మల్లి లేకుండా, ఖాళీ తాడు చేతిలో పట్టుకుని వారం రోజులు నడిచాను. వీధిలో వాళ్ళు వింతగా చూశారు, చూడనివ్వండి. కుక్క కనిపించినప్పుడల్లా ముక్కుతో నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదలడం, పిడికిలి వదులు చేయడం. ఒళ్ళు నెమ్మదించేది వదిలే ఊపిరిలో.

కుట్లు విప్పాక మల్లితో మొదలుపెట్టాం. తొలివారం గేటు లోపలే. సాయంత్రం కుర్చీ వేసుకుని, ఉడికించిన చికెన్ చిన్న చిన్న ముక్కలు గిన్నెలో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. దూరంగా కుక్క కనిపిస్తే ఒక ముక్క, ఇంకో ముక్క. అది వెళ్ళిపోగానే ముక్కలు ఆపేయాలి. కుక్క కనిపించడం అంటే మంచిదేదో వస్తుందని దానికి నెమ్మదిగా ఎక్కాలి. దూరాన్ని నేను కరెంటు స్తంభాలతో కొలిచేవాణ్ణి. మొదట 3 స్తంభాలు, రెండు వారాలకి 2. పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తోక కాళ్ళ మధ్యకి దూర్చడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఇవి 'ఇక చాలు' అని అది చెప్పే మాటలు. చికెన్ కూడా వద్దంటే మరీ దగ్గరికెళ్ళామని. వెనక్కి వచ్చేయండి, దాన్ని లాగొద్దు, కసరొద్దు. భయపడినప్పుడు ఒళ్ళోకి తీసుకుంటే భయం అలవాటవుతుందని కొందరంటారు. కాదు. నిమరండి, పక్కన కూర్చోండి.

బ్రాడీపేటలో లైన్లూ అడ్డరోడ్లూ గళ్ళు గీసినట్టుంటాయి కాబట్టి ప్రతి మూలలో నాలుగు వైపులా కనిపిస్తుంది, కుక్క ఉంటే ఇంకో లైన్లోకి మళ్ళిపోవచ్చు. మీ పేట ఇరుకు సందులదైతే పొద్దున్నే బండి మీద కాస్త విశాలమైన చోటికి తీసుకెళ్ళండి. మే నెలలో యార్డుకి వేసవి సెలవులివ్వడం నాకు కలిసొచ్చింది. రోజూ ఐదున్నరకల్లా, ఎండ ముదరకముందే, పావుగంట మాత్రం తిరిగేవాళ్ళం.

నెల దాటినా నిద్ర లేకపోతే, వీధిలోకి అడుగే పెట్టలేకపోతే, పని సాగకపోతే, బతకడమే దండగనిపిస్తే మనిషి డాక్టరుకి చూపించుకోవాల్సిన సమయం అది. 14416 అని టెలీ మానస్ నంబరు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. 'కుక్క గురించి చేశాను' అని చెప్పడానికి మొహమాటపడకండి. నేనూ ఒక రాత్రి చేశాను, అవతలివాళ్ళు నవ్వలేదు.

కుక్క దక్కనివాళ్ళకి చెప్పే అనుభవం నాకు లేదు. విజయవాడ పటమటలో మా పిన్ని కూతురి కుక్కని రెండేళ్ళ కిందట వీధికుక్కలు చంపేశాయి. తను దాన్ని ఊళ్ళో తమ పొలం గట్టున పాతిపెట్టింది, గిన్నె ఏడాది దాకా తీయలేదు. ఓదార్చడానికి మేం ఇంకో పిల్లని తెచ్చిస్తామంటే వద్దంది. అప్పుడు మొండితనం అనుకున్నాను. ఇప్పుడు తనని అడక్కుండా తేనందుకు సంతోషిస్తున్నాను.

మల్లి సంగతికొస్తే, జూన్ వచ్చేసరికి కుక్కలు ఎదురైనా పెద్దగా బెదిరేది కాదు. నేను అన్నీ సర్దుకున్నాయనుకున్నాను. కానీ మా ఆవిడ పొద్దున్నే బకెట్టు ఎత్తగానే మంచం కిందికి దూరేది. చాలా రోజులకి గానీ నాకు వెలగలేదు. ఆ రోజు దానికి గుర్తుండిపోయినది కుక్క మాత్రమే కాదు, మీద పడిన నీళ్ళు కూడా. మీ కుక్క భయం కూడా మీరనుకున్న చోట ఉండకపోవచ్చు, గమనించండి. ఇప్పుడు మళ్ళీ గిన్నె, చికెన్ ముక్కలు, వసారాలో బోర్లించిన ఖాళీ బకెట్టు. మొదట గుమ్మం దగ్గరే ఆగిపోయేది. నిన్న మూడడుగుల దూరం దాకా వచ్చి, ముక్క తీసుకుని, అక్కడే నిలబడి నమిలింది.